ఇప్పుడే విడుదల చేయరాదు

ఆ రోజుల్లో తొందరగా ఉండటమే తెలివిగా ఉండటం అనుకునేదాన్ని. ఎవరైనా ఒక పని చేసేముందు కాసేపు ఆగి ఆలోచిస్తుంటే, పాపం వీళ్ళకు తోచడం లేదు కాబోలని జాలిపడేదాన్ని. ఇప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా మూడుసార్లు చదివి, నాలుగోసారి పక్కవాళ్ళ చేత చదివించే మనిషినయ్యాను. ఇలా అవడానికి వయసొక్కటే కారణం కాదు. ఒక శుక్రవారం, ఆ తర్వాత వచ్చిన ఒక సోమవారం కారణం. ఆ రెంటినీ తలుచుకుంటే కొంచెం నవ్వొస్తుంది, ఎక్కువగా గుండె బరువెక్కుతుంది. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. జనగామ దగ్గర పత్తి, మక్క పండించే ఇంట్లోంచి వచ్చి, ఎంసీయే పూర్తిచేసి, యూనివర్సిటీలో ఒక సార్ దగ్గర ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. అడిక్‌మెట్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక గది. పొద్దున టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని క్యాంపస్‌లోకి నడుచుకుంటూ వస్తే, రాతి భవనాలన్నీ దాటాక చివర్లో, ఎవరూ ఫొటో దిగని ఒక పసుపుపచ్చ భవనంలో మా ల్యాబ్. అందులో నాలుగు కంప్యూటర్లు, చప్పుడు చేసే ఒక ఫ్యాను, చప్పుడు చేయకుండా ఆగిపోయే ఇంకో ఫ్యాను, మా సీనియర్ ఒకాయన.

మేం చేసే పని గురించి ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి నాకు ఆర్నెల్లు పట్టింది గనక మీకు సులువుగానే చెప్పగలను. కంప్యూటర్లో ఉన్న తెలుగును పైకి చదివి వినిపించే ప్యాకేజీ అది. దానికి పొడుగాటి పేరొకటి ఉంది గానీ మేం ‘గొంతు’ అనేవాళ్ళం. ఓపెన్ సోర్స్ అన్నమాట, అంటే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, లోపల ఏం రాశామో విప్పి చూసుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. వాడేవాళ్ళలో ఎక్కువమంది చూపులేని వాళ్ళు. చదువుకునేవాళ్ళు, బ్యాంకుల్లో, స్కూళ్ళల్లో పనిచేసేవాళ్ళు. (ఈ వాక్యం ఇప్పుడు ఎంత తేలిగ్గా రాశానో చూడండి. అప్పట్లో నాకు వాళ్ళు ‘యూజర్లు’. ఊళ్ళో ఓటర్లన్నట్టు.)

ఇలాంటి ప్యాకేజీకి కొత్త వెర్షన్ తెచ్చేముందు, పూర్తిగా పండకముందే, కాస్త రుచి చూసి చెప్పండని కొందరికి ఒక వెర్షన్ ఇస్తారు. దాన్ని బీటా అంటారు. అసలు విడుదలతో పేచీ ఉండదు, అన్నీ కుదిరాక చేస్తారు. ఈ బీటాను ఎప్పుడు బయటపెట్టాలన్న దగ్గరే తగవులన్నీ. మరీ ముందుగా ఇస్తే అది విరిగిపోతూ ఉంటుంది, ఇచ్చినవాళ్ళ మీద నమ్మకం పోతుంది. మరీ ఆలస్యంగా ఇస్తే, వాళ్ళు తప్పులు చూపించినా దిద్దడానికి టైముండదు. సార్‌ని అడిగితే, “మీరిద్దరూ తేల్చుకోండి” అని చెప్పి విదేశంలో ఏదో సదస్సుకు వెళ్ళిపోయారు. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండోవారు పాస్టరన్న.

పాస్టరన్న పాస్టర్ కాదు, పాస్టర్‌గారబ్బాయి. గుంటూరు వైపు నుంచి పీహెచ్‌డీకి వచ్చి తార్నాకలో ఒక మేడ మీది గదిలో ఉండేవాడు. ఆదివారం చర్చిలో పాటల బృందంలో పాడేవాడు, మిగతా ఆరు రోజులూ గొంతులో అక్షరాలు సరిచేసేవాడు. మెత్తటి మనిషి. కానీ చిన్నప్పటి నుంచి తండ్రి ప్రసంగాలు విని పెరిగినందువల్లో ఏమో, మెసేజ్ రాస్తే మాత్రం గోడ మీది నోటీసులా ఉండేది. ‘మధ్యాహ్నం మూడింటికి వచ్చెదను. తలుపు గడియ వేయవలెను.’ ఎదురుగా ఉంటే “ఏమ్మా, టీ తాగొద్దామా?” అనే మనిషే. చేతికి ఫోన్ ఇస్తే శాసనం చెక్కేవాడు.

ఆ ఏడు నేను గొంతుకు అంకెలు చదవడం నేర్పాను. అంతకుముందు అది ఏ అంకె కనిపించినా విడివిడిగా ‘ఒకటి తొమ్మిది నాలుగు ఏడు’ అని లెక్కపెట్టేది. నేను మూడు నెలలు కూర్చుని దాని చేత ‘పందొమ్మిది వందల నలభై ఏడు’ అనిపించాను. మొదటిసారి అది అలా అన్నరోజు, ఇంట్లో పసిపిల్ల మాట్లాడినట్టు ల్యాబంతా తిరిగి అందరికీ వినిపించాను (అందరూ అంటే పాస్టరన్న, ఊడ్చడానికొచ్చిన ఆయమ్మ). తేదీలు, నెలలు, గడియారం టైములు, అన్నీ నేర్పాను. దాన్ని వెంటనే లోకం మీదికి వదలాలని నా ఆరాటం. పాస్టరన్న మాత్రం ప్రతి వారం కొత్త తప్పు పట్టుకొచ్చేవాడు.

“నాన్నగారి ప్రసంగం కాగితాలు చదివించానమ్మా” అన్నాడొకసారి, తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభం పక్కన మేం రోజూ టీ తాగే కొట్టు దగ్గర. “ఐదో అధ్యాయం, మూడో వచనం అని ఐదు, రెండు చుక్కలు, మూడు వేస్తాం కదా? మీ గొంతు ఏమందో తెలుసా? ఐదు గంటల మూడు నిమిషాలు అంది.”

“రెండు అంకెల నడుమ రెండు చుక్కలుంటే అది టైమే గదన్నా” అన్నాను నేను.

“అన్నిచోట్లా టైమే ఎందుకవుద్ది? మా నాన్నగారు వింటే ప్రార్థనకు వేళయిందని లేస్తారు.”

“మీ నాయన ఒక్కరి కోసం బీటా ఆపుదమా? బీటా అంటేనే తప్పులున్నయని. బయట పెడితేనే గదా ఎవరన్న చెప్పేది!”

“తప్పులుండొచ్చు. కానీ మనకు తెలిసిన తప్పును పెట్టి ఇవ్వకూడదు” అన్నాడు. నాకది చాదస్తంగా తోచింది. ఆయనను చూస్తే ఇడ్లీ ఉడికిందా లేదా అని పది నిమిషాలకోసారి మూత తీసి చూసే మనిషి గుర్తొచ్చేవాడు. అలా తీస్తుంటే ఎప్పటికి ఉడుకుతుంది?

ఇక మూడో మనిషి టీచరక్క. వారాసిగూడలో ఉండేది. పుట్టుకతోనే చూపులేదు. లెక్కల్లో పీజీ చేసి, బీఈడీ చేసి, ట్యూషన్లు చెబుతూ, ఏదైనా స్కూల్లో నిలకడైన ఉద్యోగం కోసం తిరుగుతుండేది. బుధవారం బుధవారం చేతికర్రతో బస్సు దిగి మా ల్యాబ్‌కు వచ్చేది. గొంతులో ఏ అక్షరం ఎక్కడ తడబడుతోందో ఆమె చెప్పినంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేదు. “నీ గొంతుకు జలుబు చేసింది, ‘ణ’ పలుకుతలేదు” అనేది. ఆ బుధవారం కూడా వచ్చింది. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బీటా కోసం ప్రకటన రాసుకుంటున్నాను. ఆమె నా వెనకాల నిలబడి ఏదో చెప్పింది. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపి “ఊఁ అక్కా” అన్నాను. ఇంకేదో చెప్పింది. మళ్ళీ “ఊఁ” అన్నాను. ఆమె చెప్పింది ఏమిటంటే, వచ్చే సోమవారం మల్కాజ్‌గిరిలో ఒక స్కూల్లో ఆమెకు డెమో క్లాసు ఉందని, అందాక గొంతును కదిలించొద్దని. ఆ మాట నా ఎడమ చెవి దాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయింది.

మర్నాడు పాస్టరన్న చుట్టాల పెళ్ళికి ఊరెళ్ళాడు. శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక్కదాన్నే. పరీక్షలన్నీ పాసైన కోడ్ ఎదురుగా ఉంది (పరీక్షలు రాసిందీ నేనే, దిద్దిందీ నేనే). చెయ్యి ఊరుకోలేదు. అయినా ఇద్దరం కలిసి తేల్చుకోవాలని సార్ చెప్పారు గనక మెసేజ్ పెట్టాను. ‘అన్నా, బీటా ఇయ్యాల విడుదల చెయ్యనా?’ ఆ ఊళ్ళో సిగ్నల్ అందుతూ పోతూ ఉన్నట్టుంది, అరగంటకు జవాబొచ్చింది.

‘ఇప్పుడే విడుదల చేయరాదు.’

ఇక్కడ మా ఊరి భాష కొంచెం చెప్పాలి. మా వైపు ఎవరైనా గడపలోకి వస్తే “కూసోరాదు” అంటాం. కూర్చోవచ్చు కదా, కూర్చోండి అని. మా అమ్మ కంచంలో ఇంకో గరిటె వేస్తూ “ఇంకింత తినరాదు బిడ్డా” అంటుంది. మా చెవికి ఆ ‘రాదు’లో ఉన్నంత ప్రేమ ఇంకే మాటలోనూ ఉండదు. పుస్తకాల్లో దానికి సరిగ్గా ఎదురు అర్థం ఉంటుందని నాకు తెలియదా అంటే, పదో తరగతిలో తెలుగులో స్కూలు ఫస్టు వచ్చినదాన్ని. తెలుసు. ఆ మనిషి మెసేజుల్లో నోటీసు బోర్డులా మాట్లాడతాడనీ తెలుసు. కానీ ఆ శుక్రవారం మధ్యాహ్నం నాకు కావలసిన అర్థమే ముందొచ్చి కుర్చీలో కూర్చుంది. తార్నాకలో మూడేళ్ళున్నాడు, మా భాష పట్టుబడింది పాపం, ‘ఇంకా అడుగుతవేంది, ఇప్పుడే చేసెయ్యరాదు’ అంటున్నాడు అనుకున్నాను. కళ్ళు చెమర్చాయి కూడా. అన్న ఇన్నాళ్ళకు నన్ను నమ్మాడు కదా అని.

బీటాకు నంబర్ ఇచ్చేటప్పుడు చివర ‘బి’ అని ఒక అక్షరం తగిలించాలి. అది ఉంటే, కావాలని అడిగినవాళ్ళ కంప్యూటర్లలోకి మాత్రమే దిగుతుంది. లేకపోతే అసలు విడుదల అనుకుని, దానంతటదే అందరి కంప్యూటర్లలోకీ వెళ్ళి పాతదాన్ని తీసేసి కూర్చుంటుంది. నేను 0.9 అని కొట్టాను. పక్కన ‘బి’ పెట్టి చూశాను. నా చేతి మీదుగా జరిగే మొదటి విడుదల, దానికి తోకేమిటి, అసహ్యంగా ఉంది అనిపించింది. బీటా అని ప్రకటనలో ఎలాగూ రాశాను కదా, మనుషులు చదువుకుంటారులే అని ఆ అక్షరం తీసేశాను. కంప్యూటర్లు ప్రకటనలు చదవవన్న సంగతి కంప్యూటర్లతో పనిచేసే నాకు తట్టలేదు. మీట నొక్కి, సంచి సర్దుకుని, బస్సెక్కి ఊరికి పోయాను. రెండు రోజులూ పత్తి చేలో తిరుగుతూ, అమ్మ కంచంలో వేసిందల్లా తింటూ, సొంత ప్యాకేజీ విడుదల చేసిన బిడ్డనని లోపల్లోపల మురుస్తూ గడిపాను. చేను దగ్గర ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అది కూడా ఆనందంగానే ఉంది.

సోమవారం బస్సు ఉప్పల్ దాటుతుండగా ఫోన్ మోగింది. పాస్టరన్న.

“అమ్మా, ఏం చేశావ్?” అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

“విడుదల చేసినన్నా! నువ్వే అన్నవ్ గదా?”

“నేనా? చేయరాదు అన్నాను!”

“అవు. చేయరాదు అన్నవ్. చేసిన.”

చిన్నగా, “అయ్యో, మా ఓనరమ్మ...” అన్నాడు. ఆయన మొదటిసారి తార్నాకలో గది చూడటానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ తలుపు తీసి నవ్వుతూ “లోపలికి రారాదు” అందట. లోపలికి రాకూడదేమోనని ఈయన గేటు బయట ఎండలో పావుగంట నిలబడ్డాడట. మూడేళ్ళుగా ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్న మనిషి. “అంతా తెలిసి కూడా ఆ మాటే రాశానమ్మా. నా తప్పు” అన్నాడు. తప్పు తనమీద వేసుకునే మనుషులు ఎదుటివాళ్ళను ఎంత ఇబ్బంది పెడతారో నాకు అప్పుడే తెలిసింది.

ల్యాబ్‌కు వెళ్ళేసరికి మెయిళ్ళు వరుసగా పడి ఉన్నాయి. ఫోన్ నంబర్లను కోట్లూ లక్షల్లో చదువుతోందని ఒకరు, బ్యాంకు ఖాతా నంబర్ కూడా కోట్లల్లోనే చెబుతోందని ఒకరు. ముందు ఆ వెర్షన్‌ను వెనక్కి తీసుకున్నాం. పాతది మళ్ళీ ఎలా పెట్టుకోవాలో రాసి అందరికీ పంపుతుండగా, గుమ్మంలో కర్ర చప్పుడైంది. సోమవారం నాడు టీచరక్క ఎందుకొచ్చిందా అని ఒక్క క్షణం అనుకున్నాను. మరుక్షణం, నా ఎడమ చెవిలో కూర్చున్న మాట లేచి నిలబడింది.

ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుని ఉంది. కుర్చీ వెతుక్కుని కూర్చుని, నీళ్ళడిగి తాగి, నెమ్మదిగా చెప్పింది. ఏడో తరగతి, నిష్పత్తి పాఠం. ఎప్పటిలాగే ఒక చెవిలో ఇయర్‌ఫోన్, దాంట్లో గొంతు ఆమె రాసుకున్న నోట్సు చదువుతుంటే, ఆమె బోర్డు దగ్గర నిలబడి దాన్నే తన మాటల్లో చెబుతుంది. వెనక బెంచీ మీద హెడ్‌మిస్ట్రెస్సు, ఇంకో ఇద్దరు.

“పాలు, నీళ్ళు రెండు, రెండు చుక్కలు, మూడు అని రాస్కున్న” అంది. “రెండు గంటల మూడు నిమిషాలు అన్నది మీ గొంతు. నాలుగేండ్ల సంది అది ఏది చెప్తే అది నమ్ముతున్న గదా. గట్లనే నమ్మి నోటితోని అనేసిన. పాలు, నీళ్ళు రెండు గంటల మూడు నిమిషాల లెక్కన కలిపిన్రు అని. పిల్లలు గొల్లున నవ్విన్రు.”

నాకు నవ్వొచ్చింది. ఇది ఒప్పుకోకపోతే ఈ సంగతంతా చెప్పడమే దండగ. పెదవి కొరుక్కున్నా చిన్న చప్పుడు బయటికొచ్చింది. ఆమె తల నా వైపు తిరిగింది.

“నవ్వు, నవ్వు. నాకు గూడ నవ్వొస్తుండె, గాడ నిలవడ్డది నేను కాకపోతే.”

ఆ తర్వాత ఆమె ఇయర్‌ఫోన్ తీసేసిందట. “నా కంప్యూటర్‌కు నిష్పత్తి రాదంట పిల్లలూ, మనం నేర్పుదమా?” అని, మిగిలిన పాఠమంతా గుర్తున్నమేరకు చెప్పిందట. పిల్లలు బాగానే విన్నారట. కానీ తను ఎంచి పెట్టుకున్న లెక్కలేవీ ఒక్కసారిగా గుర్తురాక, రెండు లెక్కలకే పాఠం అయిపోయిందట. చివర్లో వెనక బెంచీ వాళ్ళలో ఒకాయన, “మిషన్ మీద ఆధారపడితే ఎట్లమ్మా, రేపు కరెంటు పోతే?” అన్నాడట.

పాస్టరన్న తల వంచుకున్నాడు. నేను, “సారీ అక్కా, నాకు తెల్వదు ఇయ్యాలనే...” అని మొదలుపెట్టాను.

“బుధవారం నీకు చెప్పిన” అంది. “ఊఁ అన్నవ్.”

ఆమె గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. “మా ఇంట్ల మంచం జానెడు జరిపినా మా అమ్మ ముందుగాల నాకు చెప్తది. లేకపోతే పొద్దుగాల నేను లేచి గోడకు కొట్టుకుంట. మీరు మంచిగ చేద్దామనే జరిపిన్రు, కాదంటలేను. చెప్పి జరపాలె గదా?” అని, లేచి, కర్ర తీసుకుని, బస్టాప్ దాకా తోడు వస్తానన్నా వద్దని వెళ్ళిపోయింది.

అప్పుడైనా నేను కుదురుగా కూర్చున్నానా? లేదు. మర్నాడు పొద్దున్నే మల్కాజ్‌గిరి వెళ్ళి ఆ స్కూలు వెతికి పట్టుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్సు గదిలో నిలబడి, తప్పంతా మాదనీ, ఆమెకు ఇంకో అవకాశం ఇవ్వాలనీ, వెర్షన్లు, అక్షరాలు, రెండు చుక్కలు అన్నీ వివరిస్తూ ప్రసంగం చేశాను. ఆవిడ ఓపికగా విని, “పాఠం ఆమె బాగనే చెప్పిందమ్మా. కానీ నిన్న సాయంత్రమే ఇంకొకరిని తీస్కున్నం” అన్నారు. ఇంకేం చేయాలో తోచక, రైల్వే స్టేషన్ దగ్గర కాసేపు కూర్చుని, సిగ్గు విడిచి ఏడ్చాను. నా దుఃఖంలో కూడా, ఎంత గొప్ప పని చేశానో అక్కకు తెలిస్తే క్షమిస్తుందన్న ఆశ ఓ మూల ఉంది.

బుధవారం ఆమె రాదనే అనుకున్నాం. వచ్చింది. స్కూలు నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పారట.

“నిన్ను గాడికి పొమ్మని నేను చెప్పిన్నా?”

“లేదక్కా.”

“నా సంగతి నేను మాట్లాడుకోలేనా? మూగదాన్నా? కండ్లే గదా లేనివి!”

ఈసారి అరిచింది. ఫ్యాను చప్పుడు కూడా వినపడనంతగా. “శుక్రవారం నన్ను అడగక ఒకటి చేసినవ్. మంగళవారం నన్ను అడగక ఇంకోటి చేసినవ్. మధ్యల ఏం నేర్సుకున్నవ్ మరి?”

ఆ ప్రశ్న నాకిప్పటికీ కొత్తగానే ఉంటుంది. అప్పటిదాకా నేను పశ్చాత్తాపం అనుకుంటున్నది కూడా తొందరే. పాపం త్వరగా కడిగేసుకుని మళ్ళీ మంచిదాన్నయిపోవాలన్న తొందర. “నువ్వే చెప్పక్కా, ఎప్పుడు పెట్టాలె? ఎట్ల పెట్టాలె?” అని అడిగాను.

ఆమె ఆలోచించింది. అప్పటిదాకా ఆ ల్యాబ్‌లో బీటా ఎప్పుడన్న దాని మీద జరిగిన వాదనలన్నీ మా కోడ్ ఎప్పుడు తయారవుతుందన్న దాని మీదే. కోడ్ పండిందని నేనూ, ఇంకా పండలేదని పాస్టరన్నా. తినేవాళ్ళకు ఆ పూట ఆకలుందా, ఒంట్లో బాగుందా అని మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు. ఆమె అదే చెప్పింది. పరీక్షల నెలలో వద్దు. స్కూళ్ళు తెరిచే వారంలో వద్దు. వాడేవాళ్ళలో నలుగురికి ఫోన్ చేసి, ఈ వారం మీకేమన్నా ముఖ్యమైన పనులున్నాయా అని అడగాలి. శనివారం పొద్దున పెట్టాలి, అప్పుడు విరిగినా ఆదివారం చేతిలో ఉంటుంది. పెట్టిన మనిషి ఊరికి పోకూడదు, ఫోన్ దగ్గరే ఉండాలి. “ముందుగాల నా దాంట్ల పెట్టు. గంటసేపు నేను తిడ్త, నువ్వు రాస్కో. ఇంకొకరిని గోడకు కొట్టనియ్యొద్దు” అంది.

పాస్టరన్న వెంటనే ఒక తెల్లకాగితం మీద అవన్నీ అందంగా రాసి, పైన పెద్దక్షరాలతో ‘వాడువారిని అడుగక ఏ బీటానూ వెలువరింపవలదు’ అని పెట్టి చదివాడు.

“వలదు ఏందన్నా?” అంది అక్క. “వద్దు అని రాయ్. ఇంకో మాట ఏదన్న రాస్తే ఈ పిల్ల మళ్ళ ఏం చేస్తదో!”

ఆ వారంలో మొదటిసారి ముగ్గురం కలిసి నవ్వాం. ఆమె పూర్తిగా క్షమించిందని కాదు. ఆ తర్వాత కూడా చాలా నెలలు, నేను “ఊఁ” అంటే ఆగి, “ఏం చెప్పిన్నో ఒకసారి చెప్పు” అని నా చేత అప్పజెప్పించుకునేది, ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు.

కొత్త బీటా ఆరు వారాల తర్వాత, ఒక శనివారం పొద్దున, తోకతో సహా వెలువడింది. రెండు చుక్కలను గడియారంగా చదవాలా, లెక్కగా చదవాలా, అధ్యాయంగా చదవాలా అన్నది వినేవాళ్ళే ఎంచుకునేట్టు చేశాం. నిష్పత్తిని చదవడానికి మంచి తెలుగుమాట కోసం నేను నాలుగు రోజులు నిఘంటువులు తిరగేస్తుంటే అక్క విసుక్కుని, “క్లాసుల రెండు ఈజ్ టు మూడు అనే అంటం. గదే అననియ్యి” అని తేల్చేసింది. ఆ గంటలో ఆమె పదకొండు తప్పులు తిట్టింది, నేను పదకొండూ రాసుకున్నాను. అవి దిద్దాకే తక్కిన వాళ్ళకు ఇచ్చాం. ఎవరూ గోడకు కొట్టుకోలేదు.

మరుసటి ఏడు అక్కకు హబ్సిగూడ వైపు ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. డెమో క్లాసుకు గొంతును వాడలేదట, ముందుజాగ్రత్తగా పాఠమంతా నోటికి పట్టిందట. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది గానీ నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది, ఇప్పటికీ ఉంది. మల్కాజ్‌గిరి స్కూలు ఆమె ఇంటికి ఇంకా దగ్గర. జీతమూ ఎక్కువట. ఆ సంగతి నాకు పాస్టరన్న చెప్పాడు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పాస్టరన్న ఇప్పుడు తెనాలి దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. గొంతును ఇప్పుడు వేరే పిల్లలు చూసుకుంటున్నారు, బీటా వేళ మాత్రం ఇప్పటికీ వారాసిగూడలో అక్క దగ్గరే తేలుతుంది.

మొన్న ఆఫీసులో ఏదో వెతుకుతూ ఆ ప్యాకేజీ పేజీ తెరిచాను. ఇన్నేళ్ళ వెర్షన్లన్నీ వరుసగా ఉన్నాయి. అక్కడ ఒకసారి వాడిన నంబర్‌ను ఇంకెవరూ వాడలేరు, వెనక్కి తీసుకున్నా జాబితాలోంచి పోదు. 0.9 అక్కడే ఉంది, మధ్యలో గీత కొట్టి, పక్కన కారణం అన్నచోట ఆ సోమవారం సాయంత్రం నేను రాసిన రెండు వాక్యాలతో. ‘ఈ వెర్షన్ వాడకండి. తప్పు ప్యాకేజీది కాదు, నాది.’ కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ రెండు ముక్కలు రాయడానికి ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్ల ముప్పావు గంట తీసుకుంది. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, పాస్టరన్నకు చదివి వినిపించి, అప్పుడు మీట నొక్కింది. తన జీవితంలో ఏదైనా బయటపెట్టేముందు అంతసేపు ఆగడం ఆమెకు అదే మొదటిసారి.